ముగ్గు పడకపోతే తలుపు తట్టే మనిషి

ప్రశ్న: నాకు 74 ఏళ్ళు, మా ఆవిడకి 67. ఒడిశాలోని పర్లాకిమిడిలో సొంత ఇల్లు. బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి విశాఖలో ఉంటున్నారు. ఇరవై రెండేళ్ళు మా పక్కింట్లో ఉండి అన్నిటికీ ఆదుకున్న తెలుగువాళ్ళు నిరుడు భువనేశ్వర్ వెళ్ళిపోయారు. ఇప్పుడు ఆ ఇంట్లోకి ఒడియా దంపతులు అద్దెకొచ్చారు. ఇద్దరు చిన్నపిల్లలు. మంచివాళ్ళే కానీ పలకరింపు దాటలేదు. మా ఆవిడకి ఒడియా అంతంతమాత్రం. గత నెల అర్ధరాత్రి ఆమె బాత్రూములో జారిపడింది. నాకు చెవుడు, వినపడలేదు. గంట తరవాత నేనే లేచి చూశాను. ఎముక విరగలేదు, అదృష్టం. పిల్లలు వచ్చెయ్యమంటున్నారు, మాకు ఇష్టం లేదు. తాళంచెవి కొత్తవాళ్ళకివ్వొచ్చా? వాళ్ళకి భారం కాకుండా దగ్గరవడమెలా? ఇంకోటి. ఎదురింటాయన క్రితం ఏడాది సంక్రాంతి ముందు 15,000 చేబదులు తీసుకున్నాడు. ఇప్పుడు నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటున్నాడు. అడగడమెలా?

సమాధానం: మేష్టారూ, మీరు తాళంచెవి గురించి అడిగారు. దానికన్నా ముందు గడియ సంగతి చూడండి. ఆ రాత్రి పక్కింటివాళ్ళకి కేక వినపడి, వాళ్ళ చేతిలో మీ తాళంచెవి ఉన్నా కూడా లోపలికి రాగలిగేవారా? మన ఇళ్ళల్లో రాత్రి పడుకునే ముందు తలుపుకి లోపలి నుంచి పైగడియ, కిందిగడియ రెండూ వేస్తాం. వరండా గ్రిల్లుకి లోపల వైపు తాళం కప్ప. వాటి ముందు బయటి తాళంచెవి ఎందుకూ పనికిరాదు. దొంగ కోసం పెట్టుకున్న ఏర్పాటే సాయానికొచ్చేవాణ్ణి గుమ్మం బయట నిలబెడుతుంది.

కాబట్టి మొదటి ఖర్చు వడ్రంగికి. వీధి తలుపుకి లోపల నుంచీ బయట నుంచీ తెరుచుకునే తాళం, బజారులో నైట్ లాచ్ అంటే ఇస్తారు, ఒకటి బిగించి రాత్రుళ్ళు దాన్నొక్కదాన్నే వాడండి. గడియల్ని తీసెయ్యక్కర్లేదు, ఊరెళ్ళినప్పుడు పనికొస్తాయి. కానీ ఇద్దరూ ఇంట్లో ఉన్న రాత్రి గడియ వెయ్యకూడదన్నది నియమం పెట్టుకోండి. మొదటి నెల చెయ్యి అలవాటుగా గడియ మీదికి పోతుంది. గడియకి ఓ ఎర్ర గుడ్డముక్క కట్టి ఉంచితే చెయ్యి ఆగుతుంది. కొనేటప్పుడు ఇంకోటి చూడాలి. కొన్ని రకాల తాళాల్లో లోపలి వైపు తాళంచెవి అలాగే ఉండిపోతే బయటి నుంచి రెండోది తిరగదు. కొట్లోనే లోపల ఒకటి పెట్టి బయట రెండోది తిప్పి చూసి మరీ కొనండి. గ్రిల్లు తాళానికి రెండు తాళంచెవులూ పనిచేస్తున్నాయో లేదో చూసుకోండి. ఆ తాళం బయటి చెయ్యి దూరి తియ్యగలిగే చోట ఉండాలి. గ్రిల్లు లోపలి వైపు రేకు కొట్టించి ఉంటే చెయ్యి దూరదు, అప్పుడు రేకుకి జానెడు సందు కోయించాలి.

బాత్రూము తలుపు ఇంకా ముఖ్యం. లోపలికి తెరుచుకునే తలుపు వెనకాల మనిషి పడితే ఆ శరీరమే అడ్డం. బయటినుంచి తోస్తే పడ్డవాళ్ళకే దెబ్బ. బందుల్ని తిప్పి తలుపు బయటికి తెరుచుకునేలా చేయించండి, అరపూట పని. అది కుదరని గుమ్మమైతే లోపలి గడియ పీకించి, లోపల ఎవరైనా ఉంటే తువ్వాలు తలుపు మీద కనపడేలా వెయ్యండి, ఉన్నది మీరిద్దరే కదా. పట్టుకునే కడ్డీని టైలు మీద అతికే రబ్బరు కప్పుల రకం కొనొద్దు. తడికి ఊడిపోతుంది, పైగా పట్టుకున్నామన్న ధీమాతో బరువంతా దాని మీదే వేస్తాం. గోడలోకి బోల్టు దిగేది కావాలి. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న బల్బు ఒకటి. అక్కడికి ఆ సంగతి చాలు.

ఇప్పుడు కేక వినపడే ఏర్పాటు. తీగలేని కాలింగ్ బెల్లు మీకు తగినది. ఒక బటనుకి రెండు బెల్లులొచ్చే సెట్టు తీసుకోండి. ఒక బెల్లు మీ మంచం పక్కన, రెండోది పక్కింట్లో. మీకు చెవుడు కాబట్టి మోగడంతోపాటు గట్టిగా లైటు కొట్టుకునే రకం చూడండి. అది తలవైపు కాకుండా కాళ్ళవైపు గోడకి ఉండాలి, కళ్ళు మూసుకున్నా వెలుగు మొహం మీద పడుతుంది. మొదట లేవాల్సింది మీరే, పక్కింటివాళ్ళు ఆ తరవాతే. బటను గోడకి అతికిస్తే రెండు తప్పులు జరుగుతాయి. తడి టైలు మీద జిగురు టేపు నిలవదు. నిలిచినా అది నిలబడ్డ మనిషి చేతికందే ఎత్తులో ఉంటుంది, పడ్డ మనిషికి అందదు. బటనుని పలచని ప్లాస్టిక్ కవరులో చుట్టి, నైలాన్ తాడుతో మేకుకి వేలాడదీయండి, నేలకి జానెడు పైన ఉండేలా. మంచం పక్కన ఇంకో బటను.

డబ్బా మీద రాసిన దూరాన్ని నమ్మొద్దు. అది ఖాళీ మైదానంలో లెక్క. మధ్యలో రెండు ఇటుక గోడలు, ఇనప గ్రిల్లు, బీరువా వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. కాబట్టి రెండిళ్ళలోనూ తలుపులన్నీ మూసి, ఫ్యాన్లు తిరుగుతుండగా నొక్కి చూడండి. ప్లగ్గులో పెట్టే బెల్లు కరెంటు పోతే మూగబోతుంది. పక్కింట్లో ఇన్వర్టర్ ఉంటే దాని లైనులో పెట్టించండి, లేకపోతే బ్యాటరీలతో నడిచే బెల్లు. ప్రతి నెలా ఒకటో తారీఖు సాయంత్రం ఒకసారి నొక్కండి, వాళ్ళకి ముందే చెప్పి. సెల్లు అయిపోయిన సంగతి ఆపదరోజు తెలియకూడదు. వీటన్నిటితోపాటు ఓ ఈల. రెండు గోడల అవతలికి ముసలి గొంతు పోదు, ఈల పోతుంది. మీ ఆవిడ మెడలో వేసుకోనంటే బాత్రూములో అదే తాడుకి కట్టండి.

ఎవరైనా వచ్చారనుకుందాం. వచ్చినవాళ్ళు చేసే మొదటి పొరపాటు, ఆదుర్దాతో చంకల కింద చేతులేసి లేపెయ్యడం. ముందు ఆమెని కాళ్ళు కదపమనాలి. ఒక కాలు పొట్టిగా కనపడి, పాదం బయటివైపు తిరిగిపోయి, కదిపితే గజ్జల్లో ప్రాణం పోయే నొప్పి అంటే తుంటి విరిగి ఉండొచ్చు. అప్పుడు లాగకూడదు, కూర్చోబెట్టకూడదు. ఎలా ఉన్నారో అలాగే ఉంచి, మీద దుప్పటి కప్పి 108కి ఫోన్ చెయ్యాలి. ఆపరేషన్ పడొచ్చు కాబట్టి నీళ్ళు, టీ పట్టకూడదు. తలకి దెబ్బ తగిలి, ఆమె రక్తం పలచబడే మాత్రలు వేసుకునే మనిషైతే, పైకి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏ నొప్పీ లేకపోతే తనంతట తనే లేవనివ్వాలి. పక్కకి ఒత్తిగిలి, మోకాళ్ళు చేతుల మీదికొచ్చి, గట్టి కుర్చీ పట్టుకుని, బలమైన కాలు ముందు పెట్టి లేవాలి. లేవలేకపోతే అందిన తువ్వాలు లాగి మీద కప్పుకొమ్మనండి. తడి నేల మీద గంటసేపు పడి ఉంటే చలే సగం ప్రమాదం.

ఇవన్నీ పక్కింటివాళ్ళకి పాఠంలా చెప్పలేరు. ఒక కాగితం రాసి వీధి తలుపు లోపలి వైపు అతికించండి. పైన తెలుగు, కింద ఒడియా. ఒడియా సగం పక్కింటావిడ చేత రాయించండి, రాయించే వంకతో ఆవిడ మొత్తం చదివేస్తుంది, మీకు కావలసిందదే. ఉండాల్సినవి ఇవి. ఇద్దరి పేర్లు, వయసు, రక్తం గ్రూపు. ఎవరికి బీపీ, ఎవరికి షుగరు, వేసుకునే మాత్రల పేర్లు, మోతాదు, పడని మందు. ఏ డాక్టరుకి చూపించుకుంటున్నారో. అమ్మాయి నంబరు ముందు, అబ్బాయిది తరవాత, విశాఖ నుంచి రావడం తేలిక కాబట్టి. చివర పెద్దక్షరాలతో మూడు మాటలు. మొహం ఒకవైపు వంగినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా గడియారం చూసి టైము రాసుకుని 108కి చెయ్యండి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజక్షనుని, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు, అదీ స్కానింగ్ అయ్యాక. అందుకే డాక్టరు అడిగే మొదటి మాట ఎప్పుడు మొదలైందనే. షుగరు మనిషికి చెమటలు పట్టి వణుకొస్తే, మెలకువగా ఉంటే, మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పొయ్యకూడదు.

ఆ కాగితం కిందే మేకుకి ఓ జిప్పు కవరు వేలాడదీయండి. ఆధార్ జిరాక్సులు, పాత రిపోర్టుల్లో ఆఖరిది, చిల్లరగా మూడువేలు. మేష్టారూ, మీకు 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ 2025లో మొదలైంది. మీ ఆవిడకి 67 కాబట్టి వయసు మీద ఆ కార్డు ఇంకా రాదు, మీ కార్డు మీద ఆవిడకి చెల్లదు. చాలామంది భార్యాభర్తలిద్దరికీ ఒకటే అనుకుని ఆసుపత్రి కౌంటరు దగ్గర తెల్లబోతారు. ఆధార్‌కి మీ ఫోన్ నంబరు కలిపి ఉంటేనే కార్డు తీసుకునే పని సులువుగా అవుతుంది.

108 గురించి మీ ఊరివాళ్ళకి మాత్రమే చెప్పాల్సిన మాటొకటి ఉంది. ఆంధ్రాలోని పాతపట్నం కూతవేటు దూరం. ఫోన్ అటువైపు టవరు పట్టుకుని ఉంటే కాల్ ఆంధ్రా కేంద్రానికి పోవచ్చు. కాబట్టి ఎత్తగానే జబ్బు చెప్పకండి. ముందు "ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడి" అని చెప్పి, ఆ తరవాత వీధి, గుర్తు, ఆ తరవాత జబ్బు. తప్పు చోటికి పోయిందనిపిస్తే 112కి చెయ్యండి, అక్కడా ఇదే వరస. బండి మిమ్మల్ని మామూలుగా ఊళ్ళోని జిల్లా ఆసుపత్రికే తీసుకెళుతుంది, అవసరమైతే అక్కణ్ణించి బరంపురం పెద్దాసుపత్రికి పంపుతారు. శ్రీకాకుళమో విశాఖో మీరే వెళ్ళాలనుకుంటే దానికి కారు ఏర్పాటు వేరే ఉండాలి. రాత్రి రెండింటికి లేచి వచ్చే డ్రైవరు ఎవరో ఇప్పుడే కనుక్కుని, ఆ నంబరు కూడా కాగితం మీద ఎక్కించండి. ఎమర్జెన్సీ కాని విషయాలకి, పింఛను, వేధింపు, చట్టం లాంటివాటికి, వృద్ధుల హెల్ప్‌లైను 14567 ఉంది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా.

ఆపద ఒకటి, రోజూ ఉన్నారో లేదో తెలియడం ఇంకొకటి. రోజూ ఫోన్ చేసి "బాగున్నారా" అని అడగమంటే ఎవరైనా పది రోజులకి విసుగుతారు. అడగక్కర్లేని గుర్తు కావాలి. మీ ఇంటి ముందు ముగ్గు ఎలాగూ పడుతుంది. మీ ఆవిడ ఆరున్నరకి ముగ్గేస్తే, ఏడున్నరకి వాకిలి ఖాళీగా ఉంటే పక్కింటివాళ్ళు తలుపు తట్టాలి. ఒడియా ఇళ్ళల్లోనూ పండగలకి ఝోటి, అంటే వాళ్ళ ముగ్గు, వేసే అలవాటుంది కాబట్టి మీరు విడమరచి చెప్పక్కర్లేదు, ఒక్కసారంటే చాలు. ముసురు పట్టిన రోజున, మైల ఉన్న రోజున ముగ్గుండదు కాబట్టి రెండో గుర్తు పెట్టుకోండి. రాత్రంతా వెలిగే వరండా లైటు పొద్దున ఆర్పెయ్యడం. ఏడున్నరకి లైటు ఇంకా వెలుగుతోందంటే తట్టమనండి. పాలబ్బాయికి కూడా ఒక మాట చెప్పండి. గ్రిల్లుకి తగిలించిన నిన్నటి సంచిలో పాకెట్ అలాగే ఉంటే, ఈ రోజుది తగిలించేసి సైకిలెక్కి పోకుండా పక్కింటి తలుపు కొట్టాలని. అందరికన్నా ముందు ఆ వీధిలోకి వచ్చేది అతనే. మీరు ఊరెళుతుంటే పాలు మాన్పించడంతోపాటు పక్కింటివాళ్ళకి చెప్పి మరీ వెళ్ళండి. చెప్పకుండా రెండుసార్లు వెళితే మూడోసారి ఎవరూ తట్టరు.

ఇక అసలు విషయం. ఇరవై రెండేళ్ళు మీరు ఒక్క ఇంటి మీదే ఆనుకున్నారు. వాళ్ళు వెళ్ళిపోయేసరికి అన్నీ ఒక్కసారే పోయాయి. కొత్తవాళ్ళ నెత్తిన అదంతా పెట్టొద్దు. ఒక్కో ఇంటికి ఒక్కో పని, అంతే. బెల్లు, తాళంచెవి పక్కింటికి, గోడ కలిసి ఉంది కాబట్టి. ముగ్గు చూడ్డం వాళ్ళకీ అటు పక్కింటికీ ఇద్దరికీ. బండి పిలవడం, కూడా రావడం వీధిలో మోటారుసైకిలున్న కుర్రాడెవరికైనా. మీకు తెలిసిన ఇళ్ళు నాలుగుంటే సరిపోతాయి. రోజువారీ పనులు, అంటే గ్యాసు బండ మార్చడం, నీళ్ళ డబ్బా ఎత్తడం, మందులు తేవడం, వీటికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకోండి. డబ్బుతో అయ్యే పనికి స్నేహాన్ని వాడితే ఆపదరోజుకి స్నేహం మిగలదు.

తాళంచెవి ఇవ్వొచ్చు. కానీ తొందరపడకండి. ముందు వాళ్ళ తాళంచెవి మీ దగ్గరికి రావాలి. చిన్నపిల్లలున్న ఇల్లు, ఇద్దరూ బయటికెళితే బడి నుంచి వచ్చిన పిల్లలకి తలుపు తీసేవాళ్ళు కావాలి. కొరియరు తీసుకోవడానికో, మోటారు ఆపడానికో, గ్యాసు బండ దింపించడానికో మనిషి కావాలి. ఇంటిపట్టున ఉండేది వీధిలో మీరే. "మేం ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాం, ఏదైనా వస్తే తీసి పెడతాం" అని మీరే ఓసారి అనండి. రెండు మూడుసార్లు పార్సిలు తీసుకున్నాక తాళంచెవి మాట వాళ్ళే ఎత్తుతారు. అప్పుడు మీది ఇవ్వండి. ఇచ్చేటప్పుడు దాని మీద పేరు గానీ ఇంటి నంబరు గానీ రాయకండి, దారిలో పడిపోతే దొరికినవాడికి చిరునామా ఇచ్చినట్టే. చిన్న కాగితం కవరులో పెట్టి అంటించి, అతుకు మీద మీ సంతకం అడ్డంగా పెట్టండి. తెరిస్తే సంతకం చిరుగుతుంది. ఇది అనుమానం కోసం కాదు, "ఇది ఆపదకే" అని మాటల్లో చెప్పడం మీకూ వాళ్ళకీ ఇబ్బంది కాబట్టి కవరే చెబుతుంది. బంగారం, పత్రాలు బ్యాంకు లాకర్లో పెట్టేస్తే ఆ మాత్రం బెంగ కూడా ఉండదు.

పిల్లలకి లెక్కలు చెబుతానని మీకు నోటిదాకా వస్తుంది, పంతులుగారు కదా. చెప్పండి, కానీ వారానికి మూడు రోజులు, అరగంట, టైము పెట్టుకుని. రోజూ ఉచితంగా అని మొదలుపెడితే నెల తిరిగేసరికి అది మీకు ఉద్యోగమైపోతుంది. మార్కులు తగ్గితే మాట కూడా మీకే వస్తుంది.

గిన్నె పంపకాల దగ్గర మీ ఆవిడ గుర్తుంచుకోవలసింది వంట కన్నా పంచాంగం. వాళ్ళ కార్తీకం మనకన్నా పదిహేను రోజుల ముందు వస్తుంది. ఆశ్వయుజ పున్నమికి, వాళ్ళ కుమార పూర్ణిమకి, మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. మనకి దీపావళి అమావాస్య మర్నాడు మొదలౌతుంది. అంటే మనింట్లో ఇంకా ఉల్లి వెల్లుల్లి నడుస్తున్న దసరా తరవాతి రోజుల్లోనే వాళ్ళింట్లో మానేసి ఉండొచ్చు. చివరి ఐదు రోజులు, పంచుక, మరీ పట్టింపు. చేపలు తినే ఇల్లు కూడా ఆ రోజుల్లో ముట్టదు. ఆ నెలలో ఉల్లి లేని పులిహోరో, అరిసెలో పంపండి. మార్గశిరం కూడా అంతే, వాళ్ళ మాణబసా గురువారాలు మన మార్గశిర లక్ష్మివారాలకన్నా ముందే మొదలవుతాయి. ఆ పూజ ప్రసాదం చాలా ఇళ్ళల్లో ఇంటివాళ్ళే తింటారు, బయటికివ్వరు. పంపలేదని నొచ్చుకోవద్దు. జూన్ నడిమిలో రజ పండగకి మాత్రం పోడపిఠా, అంటే వాళ్ళ పిండివంట, వస్తుంది, ఆ గిన్నె ఖాళీగా తిరిగి పంపకండి. ఆ మాట మీ ఆవిడకి మేం చెప్పనక్కర్లేదు. షుగరుంటే గిన్నె పుచ్చుకుని ఒక ముక్క తినండి, వద్దని తిప్పి పంపొద్దు.

భాష గురించి భయపడక్కర్లేదు. పర్లాకిమిడిలో ఒడియావాళ్ళకి తెలుగు చెవిన పడి ఉంటుంది. వీళ్ళు కటక్ వైపు నుంచి వచ్చినవాళ్ళయితేనే కష్టం. మీ ఆవిడకి కబుర్లాడేంత ఒడియా రాకపోయినా, నాలుగు మాటలు మాత్రం నిద్రలో లేపినా రావాలి. "ము పడిగలి" అంటే పడిపోయాను. "ఛాతి బింధుఛి" అంటే గుండెల్లో నొప్పి. "ముండ బులాఉఛి" అంటే తల తిరుగుతోంది. "జల్ది ఆస" అంటే తొందరగా రా. వాళ్ళ పిల్ల చేత పలికించుకుని నేర్చుకోమనండి, పిల్లకి నవ్వులాట, ఆవిడకి ప్రాక్టీసు. పిల్లలు ఆవిణ్ణి మావుసీ (పిన్ని) అనో ఆయీ (అమ్మమ్మ) అనో పిలవడం మొదలైతే మీ చుట్టరికం కుదిరినట్టే, మిమ్మల్ని అజా అంటే మీరు తాతయ్య అయ్యారని అర్థం.

ఫోన్ దగ్గర ఒక్క గీత గీసుకోండి. పక్కింటబ్బాయి కరెంటు బిల్లు కట్టి పెట్టొచ్చు, నవంబరులో మీ జీవన్ ప్రమాణ్, అంటే పింఛను కోసం బతికున్నట్టిచ్చే పత్రం, ఫోన్లోనే మొహం చూపించి పంపించి పెట్టొచ్చు. కానీ ఓటీపీ మీరే చదివి మీరే కొట్టాలి, యూపీఐ పిన్ను ఎవరికీ చెప్పకూడదు. డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదన్నది గుర్తుంచుకుంటే సగం మోసాలు తప్పుతాయి. పింఛను పడే ఖాతాకి యూపీఐ కలపకండి. వేరే చిన్న ఖాతాలో పదివేలుంచి దానికి కలుపుకోండి. రేపు ఏ మోసగాడి వల్లనో డబ్బు పోతే, అనుమానం మొదట పడేది ఫోన్ పట్టుకున్న కుర్రాడి మీదే. ఆ కుర్రాణ్ణి కాపాడుకోవడానికైనా ఇది చెయ్యాలి.

తుపాను నెలలకి కూడా వీధితో కలిపి ఒక లెక్క ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మీ గజపతి జిల్లాని ఎంత కుదిపిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అక్టోబరు ఒకటికల్లా మాత్రలు పదిహేను రోజులకి ఎక్కువగానే ఉండాలి. ఇన్సులిన్ వాడుతుంటే, తెరిచిన సీసా ఎండా వేడీ తగలని చోట దాదాపు నాలుగు వారాలు బయటే నిలుస్తుంది. తెరవని సీసాల్ని కరెంటు లేనప్పుడు తడి గుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్ళు తగలకుండా డబ్బాలో పెట్టి ఉంచొచ్చు. ఐసు మీద మాత్రం పెట్టకూడదు, గడ్డకడితే పాడైపోతుంది. వీధిలో ఎవరింటి పైకప్పు గట్టిదో, ఆ రాత్రికి మీరిద్దరూ ఎవరింట్లో ఉంటారో గాలి మొదలవకముందే మాట్లాడుకోండి.

పిల్లలకి ఏం చెప్పాలన్నది మీరు అడగలేదు, కానీ ఒక సంగతి. ఈ ఏర్పాట్లన్నీ అయ్యాక పక్కింటివాళ్ళ నంబరు మీ అమ్మాయికీ, అమ్మాయి నంబరు వాళ్ళకీ ఇవ్వండి. అమ్మాయి ఒకసారి తనే ఫోన్ చేసి ఒడియాలోనో హిందీలోనో మాట్లాడమనండి. వచ్చెయ్యమన్న ఒత్తిడి దాంతోనే సగం తగ్గుతుంది.

ఇక ఎదురింటాయన. 15,000 కన్నా ముందు మీరు గమనించాల్సింది, అతను దాటుకుపోతున్నది సిగ్గుతో కావచ్చు. ఇవ్వకూడదనుకున్నవాడు చాలాసార్లు నవ్వుతూనే ఎదురొస్తాడు. ఆయన ఒక్కడే ఉన్నప్పుడు, ఉదయం పూట, మీరే గుమ్మం దాకా వెళ్ళండి. వాళ్ళావిడ ముందు, పిల్లల ముందు, వీధిలో అడగొద్దు. "ఎప్పుడిస్తావు" అని కూడా అడగొద్దు, దానికి "వచ్చే నెల" తప్ప ఇంకో జవాబుండదు. ఇలా అనండి: "బాబూ, ఆ పదిహేనువేలూ ఒక్కసారి ఇవ్వక్కర్లేదు. నెలకి వెయ్యో పదిహేనువందలో నీకు వీలైనంత ఇయ్యి. మా ఆవిడ మందులకి అక్కరకొస్తాయి." వాయిదా మాట మీరే అంటే అతని తల పైకి లేస్తుంది.

ఒప్పుకుంటే ఆ రోజే ఒక తెల్లకాగితం మీద, ఫలానా తేదీన తీసుకున్న 15,000లో ఈ రోజు ఇంత ఇచ్చాను, ఇంత బాకీ ఉంది అని అతని చేత రాయించి సంతకం పెట్టించుకోండి. చేబదులుకి అడిగే గడువు చట్టప్రకారం ఇచ్చిన రోజు నుంచి 3 ఏళ్ళు. ఆ గడువు దాటకముందే రాతపూర్వకంగా బాకీ ఒప్పుకున్నా, కొంత కట్టి కట్టినట్టు సంతకం పెట్టినా ఆ రోజు నుంచి మళ్ళీ 3 ఏళ్ళు మొదలవుతాయి. కోర్టుకెళ్ళమని కాదు. పదిహేనువేలకి వీధిలో కోర్టు గొడవ పెట్టుకుంటే బెల్లు వినేవాళ్ళు ఒకరు తగ్గుతారు. కాగితం ఉంటే మరచిపోవడం ఉండదు, అంతే. ఒప్పుకోకుండా మళ్ళీ దాటేస్తే ఆ డబ్బు లెక్కలోంచి తీసేసి, పలకరింపు మాత్రం మానకండి. ఇకమీదట ఎవరికైనా చేబదులివ్వాలంటే, తిరిగిరాకపోయినా నిద్రపట్టేంత మొత్తమే ఇవ్వండి. రాయించుకునే కాగితం మీద తారీఖు వెయ్యడం మాత్రం మరిచిపోవద్దు, సంతకం ఉండి తారీఖు లేకపోతే ఆ మూడేళ్ళు ఎక్కణ్ణించి లెక్కపెట్టాలో తెలియదు.